పాల పట్ట

16 సెప్టెంబరు 1942, బుధవారం

డాక్టరుగారు రాసి పెట్టమన్నారు కనుక రాస్తున్నాను. రోజుకు ఎన్నిసార్లు, నెత్తురు ఎంత, జ్వరం ఉందా లేదా. ఈ డైరీ మద్రాసు మందుల కంపెనీ వాళ్ళు జనవరిలో పంపింది. ఇప్పటిదాకా ఒక్క కాగితం మీదా సిరా పడలేదు.

నా భార్య గుల్జార్‌బీకి ఈ రోజు పదకొండు సార్లు విరేచనం. జిగురు, నెత్తురు. ఒళ్ళు వెచ్చగా ఉంది.

"దీనికి సూది మందు ఒకటుంది. ఆరు వేస్తే కడుతుంది. యుద్ధం వచ్చాక అది దొరకడం లేదు. మద్రాసుకు రాస్తాను, ఎన్నాళ్ళకు వస్తుందో చెప్పలేను" అన్నారు డాక్టరుగారు. ఆగస్టు గొడవల్లో తంతి తీగలు తెంపిన దగ్గర్నుంచి టపా కూడా సరిగా నడవడం లేదు. "మీ కొట్లో పాల పట్ట ఉంటుంది కదా ఆదం, అందాకా దాని కషాయం పట్టండి. మంచి పట్టయితే నా సూదికేమీ తీసిపోదు."

మూలికల కొట్టు పెట్టుకుని నా ఇంటికే పాల చెట్టు బెరడు లేదు. ఏప్రిల్లో విశాఖపట్నం మీద బాంబులు పడ్డప్పుడు బండ్లెక్కి వచ్చేసిన జనంలో సగం మంది ఇంకా అనకాపల్లిలోనే ఉన్నారు. ఒక్కో నూతి మీద పదేసి ఇళ్ళ వాళ్ళు. వానలు పడ్డాక వీధికి ఇద్దరు ముగ్గురికి ఇదే జబ్బు. ఉన్న పట్టంతా అయిపోయింది. పదిహేనేళ్ళుగా మాకు పట్ట తెచ్చే పోతన్న శ్రావణంలో కొండ జ్వరంతో పోయాడు. అతని భార్య కొండతల్లి వ్యాపారం చూసుకుంటుందని తెలిసి, పాల పట్ట కావాలని మాడుగుల బస్సు వాళ్ళ చేత కబురు పెట్టాను. రేపు తెస్తుందట.

17 సెప్టెంబరు, గురువారం

పట్ట వచ్చింది. కొండతల్లి నెత్తి మీద ఒక పెద్ద మోపు, చంకలో ఒక చిన్న మూట పెట్టుకుని వచ్చింది. పెద్ద మోపు తీసుకున్నాను. బాగా ఎండిన పట్ట. చిన్నది అక్కర్లేదన్నాను. కొత్త మనిషి, మాటలు ఎక్కువ. నేను ఇంటికి వెళ్ళే తొందరలో ఉన్నాను.

నాన్న బతికుండగా ఏ పట్ట వచ్చినా ముందు చిన్న ముక్క నమిలి చూసేవారు. రంజాను నెల, నేను రోజా ఉన్నాను కనుక నమల్లేదు.

ఇఫ్తారు అయ్యాక అమ్మ కషాయం కాచింది. గుల్జార్ గుక్క తిప్పుకోకుండా తాగింది. ఈ రోజు పన్నెండు.

19 సెప్టెంబరు, శనివారం

పది. తగ్గుముఖం పట్టింది.

"ఇదేటి, చేదు లేదు?" అంది గుల్జార్, గ్లాసు నా చేతికిస్తూ. "పెళ్ళయిన కొత్తలో ఓసారి తాగించేరు గదా. అప్పుడు మూడు దినాలు నోరు కడుక్కున్నాను."

"జ్వరానికి నాలిక చచ్చింది నీకు. ఏదీ తెలీదు."

"అవును గావాల" అని నవ్వింది.

ఏ బాధా పడకుండా గ్లాసు ఖాళీ చేస్తోంది. అదొక మేలు.

21 సెప్టెంబరు

పన్నెండు.

23 సెప్టెంబరు, బుధవారం

పద్నాలుగు. ముదిరిన జబ్బు కాబట్టి పట్ట పనిచేయడానికి పది రోజులైనా పడుతుంది. నాన్న అలాగే అనేవారు. అనేవారనే నాకు గుర్తు.

పట్ట కోసం జనం వస్తూనే ఉన్నారు. తొమ్మిది ఇళ్ళకు ఇచ్చాను. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే జగ్గన్న వచ్చాడు. ఎనిమిదేళ్ళ కూతురు కాసులమ్మకు మొన్నటి నుంచి నెత్తురు పడుతోందట.

"సాయిబుగారూ, మీ ఇంట్లో వాడతన్నదే ఇయ్యండి" అన్నాడు.

అదే ఇచ్చాను.

25 సెప్టెంబరు, శుక్రవారం

గుల్జార్ లేచి కూర్చోలేకపోతోంది. లెక్క పెట్టడం మానేశాం. అమ్మ గుడ్డలు మారుస్తూనే ఉంది.

మధ్యాహ్నం కొంచెం తెలివిగా ఉంది. "ఈ యేడు రోజాలన్నీ పోయేయి" అంది. "సలికాలంలో పట్టీసుకుంటాను. పగలు సిన్నది గదా, తేలిక. మీరూ నాకు తోడుండాలి మరి."

ఉంటానన్నాను.

మామ నాగూర్ మీరా కశింకోట నుంచి శారదా నది దాటి నడిచి వచ్చారు. ఆయన పరుపులు కుడతారు. పనిలోంచి లేచి వచ్చినట్టున్నారు, గడ్డం నిండా దూది. భార్య పోయాక ఈ ఒక్క కూతుర్నీ ఆయనే పెంచారు. చాలాసేపు గుల్జార్ పాదాలు పట్టుకుని కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో అడిగారు.

"మందు సరయిందేనా, ఆదం?"

"మన కొట్టు పట్ట, మామా."

"అయితే సరే" అన్నారు.

28 సెప్టెంబరు, సోమవారం

గుల్జార్ పోయింది. పొద్దున్నే. అమ్మ నీళ్ళు పట్టబోతే పెదవులు విప్పలేదు.

సాయంత్రం అసర్ నమాజు తర్వాత మట్టి ఇచ్చాం.

1 అక్టోబరు, గురువారం

నిన్న మూడో రోజు ఫాతెహా అయింది.

ఈ రోజు మద్రాసు నుంచి సూది మందు వచ్చింది. డాక్టరుగారు స్వయంగా ఇంటికి తెచ్చారు. చిన్న అట్టపెట్టెలో దూది మధ్య ఆరు గాజు గొట్టాలు. "మీ పేరున తెప్పించాను. ఏం చేయమంటారు?" అని అడిగారు. తీసుకుని బీరువాలో గుల్జార్ చీరల కింద పెట్టాను. వేరే ఎవరికైనా పనికొస్తుందని ఆయన అనబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు.

ఇక ఈ డైరీ అవసరం లేదు.

4 అక్టోబరు, ఆదివారం

అమ్మకు పొద్దుట్నుంచి కడుపులో నొప్పి. ఇఫ్తారు అయ్యాక మిగిలిన పట్టతో తనే కషాయం కాచుకుంది. ఒక గుక్క తాగి గ్లాసు దించేసింది.

"ఆదం, ఇదేటి నాయనా? పాల పట్టేనా?"

"అదే అమ్మా."

"మీ నాన్న ఉన్నప్పుడు ఈ నీళ్ళు నాలిక్కి తగిల్తే అన్నం సయించేది కాదు. ఇది ఉత్త నీళ్ళలా ఉంది."

ముక్క విరిచి నమిలాను. ఎండుగడ్డి నమిలినట్టుంది. కొట్టుకు వెళ్ళి, పాత పట్ట పోసే డబ్బా బోర్లించి తట్టాను. అడుగున పోతన్న తెచ్చిన పట్ట పొడి చిటికెడు రాలింది. నాలుక మీద వేసుకోగానే ఒళ్ళు జలదరించింది. ఇంటికొచ్చి అన్నం తిన్నా ఆ చేదు పోలేదు.

గుల్జార్ నాలుక చావలేదు. సరిగ్గానే చెప్పింది.

5 అక్టోబరు, సోమవారం

వాన. కొట్టు తెరవలేదు.

తొమ్మిది ఇళ్ళకూ వెళ్ళి చెప్పాలి. ఏమని చెప్పాలి? నాన్న నలభై ఏళ్ళు కూర్చున్న కొట్టు. ఆయన ఇచ్చింది తీసుకుని డాక్టర్లు కూడా రెండో మాట అడిగేవారు కాదు. రేపు చెప్తాను. వాన తగ్గాలి.

6 అక్టోబరు, మంగళవారం

పొద్దున జగ్గన్న ఇంటి ముందు నుంచి రెండుసార్లు నడిచాను. రెండోసారి అతని భార్య తలుపులమ్మ బయటికి వచ్చి, "సాయిబుగారూ, మా గుంటకి ఇంకో రెండు దినాల పట్ట ఇత్తారా?" అని అడిగింది. లోపల చాప మీద ఆ పిల్ల కనిపించింది. కళ్ళు లోపలికి పోయాయి. పదమూడు రోజులుగా నేనిచ్చిందే తాగుతోంది.

ఇంటికి వచ్చి బీరువా తెరిచాను. మందు పెట్టె తీసుకుని డాక్టరుగారింటికి వెళ్ళి ఆయన్ను వెంటబెట్టుకుని జగ్గన్న ఇంటికి తీసుకొచ్చాను. సాయంత్రం మొదటి సూది వేశారు.

తర్వాత మిగిలిన ఇళ్ళకూ వెళ్ళి పట్ట వెనక్కి తీసుకున్నాను. దేముడి దయవల్ల ఆ ఇళ్ళలో ఎవరికీ అంత ముదరలేదు. అందరికీ ఒకటే చెప్పాను. కొండతల్లి వేరే పట్ట తెచ్చి మోసం చేసిందని, రోజా ఉండబట్టి రుచి చూడలేకపోయానని. అందరూ నన్ను చూసి జాలిపడ్డారు.

8 అక్టోబరు, గురువారం

కొండతల్లి వచ్చింది. మళ్ళీ మోపు తెచ్చింది. నెత్తి మీంచి దించకముందే నేనే లాగి రోడ్డు మీద పడేశాను. కట్టు తెగి పట్ట బురదలో పడింది. పక్క కొట్టు వెంకటరమణ, బజారులో ఉన్న వాళ్ళు అందరూ మూగారు. జగ్గన్న కూడా ఉన్నాడు.

"ఏటి తెచ్చావు నువ్వు?" అన్నాను.

"పాలే బావూ. పాల పట్టే తెచ్చేను."

"నీ పాల తాగి నా ఇంట్లో మనిషి పోయింది."

ఆమె ముఖం పాలిపోయింది. "ఆ దినం మిమ్మల్ని అడిగేను గదా బావూ" అంది మెల్లగా.

ఏం అడిగిందో నాకు గుర్తు లేదు.

"దొంగముండ, గుంటల పేనాలు తీత్తంది" అని జగ్గన్న మీదికి వెళ్ళబోతే వెంకటరమణ ఆపాడు. ఈ వరసలో ఏ కొట్టువాడూ ఇక ఆమె దగ్గర ఆకు కూడా కొనడని వెంకటరమణ అందరికీ వినపడేలా చెప్పాడు. ఆమె బురదలోంచి పట్టలు ఒక్కొక్కటీ ఏరుకుని చీర చెంగుతో తుడిచి కట్టుకుంది. ఏడవలేదు. ఎవరూ సాయం పట్టలేదు.

ఆ రోజు చాలా మాటలు మాట్లాడింది. ఏం అడిగిందో గుర్తు లేదు.

12 అక్టోబరు, సోమవారం

పండగ. ఈద్గా నుంచి తిన్నగా ఖబరస్తానులో గుల్జార్ దగ్గరికి వెళ్ళాను.

ఇంటికి వచ్చేసరికి జగ్గన్న, తలుపులమ్మ కూతుర్ని ఎత్తుకుని వాకిట్లో ఉన్నారు. కాసులమ్మకు కట్టింది. నిన్న అన్నం అడిగిందట. జగ్గన్న కొత్త బెల్లం దిమ్మ ఒకటి ఆకులో చుట్టి తెచ్చాడు.

"మీ ఇంటి దీపం ఆరిపోయినా మా ఇంట్లో దీపం పెట్టేరు" అంటూ వంగి నా కాళ్ళు పట్టుకున్నాడు. "ఆ కొండదాన్ని మాత్రం ఒగ్గను సాయిబుగారూ. ఈసారి మార్కెట్లో అడుగు పెడితే సూడండి."

లేపి కూర్చోబెట్టాను. ఏమీ చెప్పలేదు. వాళ్ళు వెళ్ళాక అమ్మ ఆ బెల్లం చితక్కొట్టి కొంచెం సేమ్యాలో వేసి నా ముందు పెట్టింది. తినలేకపోయాను. గుల్జార్ కోసమని అమ్మ అనుకుంది.

17 అక్టోబరు, శనివారం

గుర్తు లేదని వెనక రెండుసార్లు రాశాను. ఈ డైరీ ఎవరూ చదవరు. దీనికి కూడా అబద్ధం చెప్పడం ఎందుకు?

గుర్తుంది. మొదటి రోజు నుంచీ గుర్తుంది.

ఆ గురువారం కొండతల్లి మోపు అరుగు మీద దించి, చంకలో మూట పక్కన పెట్టి అడిగింది.

"పాల కావాలన్నారట బావూ. ఏ పాల?"

"పాలంటే పాలే. పోతన్న తెచ్చేది."

"ఆడు కొండ మీద కొట్టి ఎండేసి తిన్నగా తెచ్చీవోడు, నానెప్పుడూ సూడ్నేదు. మా కాడ రెండున్నాయి బావూ. మా పుట్టినూరోలు పాల అనీది ఒకటి, మాయాయన ఊరోలు అనీది ఒకటి. అందుకే రెండూ తెచ్చేను. పెద్ద మోపు అది, సిన్న మూట ఇది. దేనికి వాడతారో సెప్తే నాను సెప్తాను."

దేనికని ఒక కొండమనిషి కొట్లోకి వచ్చి నన్ను అడగడం నాకు నచ్చలేదు. పైగా ఇంట్లో గుల్జార్ మూలుగుతోంది. "పెద్దది ఉంచి వెళ్ళు" అన్నాను.

"పోనీ నాలిక్కేసి సూడండి, మీకు తెలుత్తాది."

రోజా ఉన్నానని చెప్పాను. అది నిజమే. కానీ ఆ సాయంత్రం అమ్మ ఇచ్చిన ఖర్జూరంతో రోజా విడిచాను. కషాయం నా కళ్ళ ముందే కాగింది. ఆ తర్వాత పదిరోజులూ పొద్దుగుంకాక నా నాలుకకు ఏ అడ్డూ లేదు. గుల్జార్ చేదు లేదని చెప్పిన సాయంత్రం గ్లాసు నా చేతిలోనే ఉంది. అడుగున ఒక గుక్క మిగిలి ఉంది. వాకిట్లో పారబోశాను.

చంకలో మూట సరైన పట్ట. అది వద్దని వెనక్కి పంపింది నేనే.

నాలుగో తేదీన తెలిసింది, ఆరో తేదీ సాయంత్రం దాకా జగ్గన్నకు చెప్పలేదు. అదీ రాయాలి.

21 అక్టోబరు, బుధవారం

మాడుగుల వెళ్ళాను. పెట్రోలు లేక బొగ్గు మీద నడిచే బస్సు చోడవరం దాటాక రెండుసార్లు ఆగిపోయింది. అక్కడి నుంచి అడుగుతూ అడుగుతూ కొండ కింద ఊరికి నడిచాను. కొండతల్లి ఇంటి ముందు చీపుర్లు కడుతోంది. నన్ను చూసి లేచి, వెనక్కి జరిగి గుమ్మం పట్టుకుని నిలబడింది. మళ్ళీ తిట్టడానికి వచ్చాననుకుంది.

"నువ్వడిగింది నాకు గుర్తుంది" అన్నాను. "అందరి ముందూ గుర్తులేనట్టు ఊరుకున్నాను."

ఆమె గుమ్మం వదిలింది. తర్వాత లోపలికి వెళ్ళి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. రోజాలు అయిపోయాయి కదా అని అడిగి మరీ ఇచ్చింది.

ఆ రెండు చెట్లూ చూపించమన్నాను. ఊరి వెనక ఏటవాలులో రెండూ పది అడుగుల దూరంలో ఉన్నాయి. ఆమె చెరో చెట్టు ఆకు తుంపి నా ముందు పట్టింది. రెండింటి తొడిమల్లోనూ తెల్లగా పాలు కారాయి. ఆకులు ఎదురెదురుగా, ఒకే రకం పచ్చన. ఇరవై ఏళ్ళుగా మూలికలు అమ్ముతున్నాను. ఏది ఏదో చెప్పలేకపోయాను.

"కాయలు సూడండి" అంది. రెండు చెట్లకూ సన్నటి పొడవాటి కాయలు జంటలుగా వేలాడుతున్నాయి. ఒకదానికి జంటలోని రెండు కాయల కొసలూ అతుక్కుని ఉన్నాయి. రెండోదానికి విడివిడిగా ఉన్నాయి. "కొసలు ఇడిపోయినదే మీరు కడుపుకి వాడీది. మాయాయన ఊరోలు దీన్నే పాల అంతారు. ఆ అతుక్కున్నది మా పుట్టినూరోల పాల."

"అంటే అది దొంగ పాల" అన్నాను.

"అదీ మంచి సెట్టే బావూ, దాన్నేటనకండి. మా పుట్టినూర్లో లక్క బొమ్మలు సేసీవోలు దాని కర్రకే వత్తారు. పన్ను పోటొత్తే దాని పాలే రాత్తాం. కడుపుకి పనికిరాదు, అంతే." చేతిలో ఆకులు కింద పడేసింది. "మా ఊళ్ళో దేముడనే పేరున్నోలు నలుగురున్నారు. దేముడా అని కేకేత్తే ఏ దేముడని అడుగుతారు. నానూ అడిగేను."

బజారుకు మళ్ళీ రమ్మన్నాను. నా కొట్లో నువ్వేది తెచ్చినా తీసుకుంటానన్నాను.

"నాను రాను. ఆ ఈదిలో నన్ను దొంగన్నారు. మీరొక్కరూ వచ్చి ఈ కొండ కింద సెప్తే ఏటయిపోద్ది? ఆల్లెవరూ ఇన్నేదు గదా."

నేను లేచేటప్పుడు అడిగింది. "మీ ఆడమనిషి పేరేటి బావూ?"

చెప్పాను. ఆమె ఆ పేరు ఒకసారి పలకబోయి నోరు తిరగక ఆగిపోయింది. "మాయాయన పోయేక ఈ ఇంట్లో ఆడి పేరు పిలిసీవోలు నేరు" అంది.

24 అక్టోబరు, శనివారం

చెప్పాను.

పొద్దున బజారు నిండా మనుషులున్నప్పుడు కొట్టు అరుగు మీద నిలబడి చెప్పాను. కొండతల్లి రెండు పట్టలు తెచ్చిందని, ఏది కావాలని అడిగిందని, చూడకుండా తప్పు పట్ట తీసుకున్నది నేనేనని. అనుకున్నంతసేపు పట్టలేదు. నాలుగు మాటలకే అయిపోయింది.

వెంకటరమణ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు. "భార్య పోయిన బాధలో ఏటో మాటాడతన్నావు. ఊరుకో."

"బాధలో కాదు బావా. నిజం."

"నిజమైతే మాత్రం. ఇంక నీ కొట్టుకి ఎవడొత్తాడు?"

జగ్గన్న నెత్తి మీది దిమ్మ దించకుండానే అంతా విన్నాడు. దిమ్మ తీసుకెళ్ళి బండిలో పెట్టి తిరిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"సూది మందు మీరే గదా ఇచ్చేరు" అన్నాడు.

"రెండు రోజులు ఆలస్యంగా ఇచ్చాను. పట్ట తప్పని అంతకు ముందే తెలిసింది."

"ఆ రెండు దినాలూ మా గుంట అదే తాగుతాందని తెలుసా?"

"తెలుసు."

అతని దవడ కదిలింది. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి అమ్మకు కూడా చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరుతూనే ఉంది. "కాసింది నేను గదా నాయనా" అంది చివరికి. "నేనైనా సూడాల్సింది."

అమ్మ మీద కూడా బరువు పెట్టాను.

29 అక్టోబరు, గురువారం

కొండతల్లి వచ్చింది. వెంకటరమణే కబురు పెట్టాడట. నా కొట్టు దాటి, అతని అరుగు మీద మోపు దించుకుంది. అతను ముక్క నమిలి ముఖం వికారంగా పెట్టాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా కొంచెం నవ్వింది.

వెళ్ళేటప్పుడు నా వైపు చూసి తల ఊపింది. ఆగలేదు.

ఈ వారంలో నా కొట్టుకు ముగ్గురు వచ్చారు. ఇద్దరు మిరియాలకు, ఒకరు పసుపు కొమ్ములకు. జగ్గన్న ఈ వీధిన రావడం లేదు. చెరువు గట్టు మీంచి చుట్టు తిరిగి మార్కెట్‌కు వెళ్తున్నాడని విన్నాను.

4 నవంబరు, బుధవారం

ఎల్లుండి నలభయ్యో రోజు ఫాతెహా. మామను పిలవడానికి కశింకోట వెళ్ళాను. ఆయనకు ఇంకా ఎవరూ చెప్పలేదు. మూడు మైళ్ళ దూరం. నడుస్తున్నంతసేపూ ఎక్కడ మొదలుపెట్టాలా అని మాటలు పేర్చుకున్నాను. వాకిట్లో ఆయన దూది ఏకుతున్నారు. వింటి నారి మోత ఆగేదాకా నిలబడ్డాను. నన్ను చూసి చాప పరిచారు. పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు.

"మందు సరయిందేనా అని మీరడిగారు. సరయింది కాదు మామా."

అంతా చెప్పాను. ఆమె చేదు లేదన్న మాట కూడా చెప్పాను. దాచుకుందామనుకున్నాను గాని ఆ మాట గుల్జార్‌ది. ఆయనకు చెందాలి.

ఆయన వినడం అయ్యాక చేతుల్లో ఉన్న దూదిని ఉండగా చుట్టి పక్కన పెట్టారు. మళ్ళీ విప్పారు. మళ్ళీ చుట్టారు.

"ఎళ్ళు ఆదం" అన్నారు.

వచ్చేశాను. ఎల్లుండి వస్తారో రారో అడగలేదు.

6 నవంబరు, శుక్రవారం

జుమా నమాజు తర్వాత ఫాతెహా. పదిమంది దాకా వచ్చారు. వెంకటరమణ వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. డాక్టరుగారు కాసేపు నిలబడి వెళ్ళారు. తలుపులమ్మ ఒక్కతే వచ్చి, అమ్మ దగ్గర ఏమీ మాట్లాడకుండా గిన్నెలు కడిగి పెట్టింది. ఇంటాయన పంపాడా అని అమ్మ అడిగితే, ఆయనకు తెలియదని చెప్పిందట.

మామ కోసం ఇమాంగారు కొంచెంసేపు ఆగారు. చివరికి మొదలుపెట్టబోతుంటే వచ్చారు. శుభ్రంగా ఉతికిన బట్టలు, గడ్డం మీద ఒక్క పోగు కూడా లేదు. అందరితో కలిసి చేతులెత్తారు. నా వైపు చూడలేదు. భోజనాల దగ్గర నాకు ఎదురుగా కాక, పక్కన కూర్చున్నారు. ఇద్దరం ఒకే పళ్ళెం వైపు చూస్తూ తిన్నాం.

అందరూ వెళ్ళాక ఆయన వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చున్నారు. నేను కొంచెం దూరంగా కూర్చున్నాను. ఎండ తగ్గుతోంది.

"నువ్వు నాకు సెప్పకుండా ఉండాల్సింది" అన్నారు. "దేముడిచ్చేడు, దేముడే తీసుకుపోయేడని ఇన్నాళ్ళూ నిద్దరోయేను. మొన్నట్నుంచి కన్ను ముయ్యలేదు."

నాకూ నిద్ర లేదని చెప్పడం ఆయన ముందు సిగ్గనిపించింది.

"చేదు లేదందా?" అని అడిగారు. "అలాగే అందా?"

"అలాగే అంది మామా. నవ్వింది కూడా."

"ఎలా నవ్వింది?"

చెప్పడానికి ప్రయత్నించాను. కుదరలేదు. ఆయన తల వంచుకున్నారు. వీపు కదులుతోంది. నేను దగ్గరికి జరగలేదు, ఆయన పొమ్మనలేదు.

చాలాసేపటికి ముఖం తుడుచుకుని లోపలికి కేక వేశారు. "వొదినా, నాకు కూడా ఇక్కడే పక్కెయ్యి. నాలుగు రోజులుంటాను. ఆ ఇంట్లో ఒక్కణ్ణీ ఉండలేకపోతన్నాను."

అమ్మ చాప, దుప్పటి తెచ్చింది. పరుపు తెస్తానంటే ఆయన వద్దన్నారు. నేను లేచి చాప రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం కలిసి గుల్జార్ పడుకున్న గదిలో పరిచాం.